చీటీ రాయకముందా, రాశాకా? ఫార్మసిస్టు ఎక్కడుంటే మేలు

గోలీలు లెక్కపెట్టి ఇవ్వడానికి ఆరేళ్ల చదువెందుకమ్మా అని మా చుట్టాల్లో ఒకాయన ప్రతి పెళ్లిలోనూ నన్ను అడుగుతాడు. నేను చదివిన ఫార్మ్‌-డీ, అంటే ఫార్మసీలో డాక్టర్ కోర్సు, మన దేశంలోకి 2008లో వచ్చింది. ఐదేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అయినా సర్కారు దవాఖానలో ఫార్మసిస్టు అంటే ఇప్పటికీ మందులిచ్చే కిటికీ వెనకాల మనిషే. జనగామ, భూపాలపల్లి, ములుగు దాకా మెడికల్ కాలేజీలు వచ్చేశాయి కదా, మరి ఈ మనిషిని కిటికీ దగ్గరే ఉంచాలా, డాక్టర్ వెంట రౌండ్స్‌కి పంపాలా, లేక చీటీలో తప్పుంటే హెచ్చరించే సాఫ్ట్‌వేర్ పెట్టేస్తే సరిపోతుందా?

సాఫ్ట్‌వేర్ సంగతి ముందే తేల్చేద్దాం. చిన్నదానికీ పెద్దదానికీ ఎర్ర అక్షరాలు చూపిస్తుంటే ఓపీ రద్దీలో ఎవరైనా చదవకుండానే ఓకే నొక్కేస్తారు. పైగా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీ దానికెలా తెలుస్తుంది?

కిటికీకి తెలుస్తుంది. పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి రెండు ప్లాస్టిక్ కవర్లు నా ముందు కుమ్మరించాడు. ఒకదాంట్లో ప్రైవేటు డాక్టర్ కంపెనీ పేరుతో రాసిన బీపీ గోలీ, ఇంకోదాంట్లో పీహెచ్‌సీలో ఇచ్చిన టెల్మిసార్టాన్. తిప్పి చూస్తే రెండూ ఒకటే మందు! "గిది ప్రైవేటుది, గది సర్కారుది బిడ్డా, రెండూ ఏసుకుంటున్న" అన్నాడు. మీద మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, అంటే కిడ్నీలకు డబుల్ దెబ్బ. పట్టుకున్నాం సరే, ఆ తర్వాత? చీటీ మార్చే హక్కు నాకు లేదు, డాక్టర్ అప్పటికే వెళ్లిపోయారు, వెనకాల లైన్లో జనం అరుస్తున్నారు. చీటీ వెనక విషయమంతా రాసి, "రేపు పొద్దున ఇది సారుకు చూపించు కాకా, అప్పటిదాకా ఆ మోకాళ్ల గోలీ ముట్టకు" అని పంపాను. మళ్లీ వస్తాడో రాడో అని రాత్రంతా టెన్షన్.

వార్డులో కథే వేరు. ఇంటర్న్‌షిప్‌లో ఒక షుగర్ పేషెంట్‌కి క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష రిపోర్టు రాత్రి వచ్చింది, కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్క 30 కంటే కిందికి పడిపోయింది, అలాంటప్పుడు షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ ఇవ్వకూడదు, కేస్‌షీట్‌లో మాత్రం అలాగే నడుస్తోంది. పొద్దున మంచం దగ్గరే చెప్తే పీజీ డాక్టర్ అక్కడికక్కడే పెన్నుతో కొట్టేశారు. రెండు నిమిషాల పని. (మొదటి వారమైతే "నువ్వెవరమ్మా?" అనే అడిగారు, అది వేరే సంగతి.)

బ్రిటన్‌లో 2006 నుంచి శిక్షణ పొందిన ఫార్మసిస్టులే మందులు రాస్తున్నారు, మనకూ ఆ హక్కు కావాలని నా దోస్తులు వాదిస్తారు. పేషెంట్ రిపోర్టులే కిటికీ దాకా రాని చోట ఆ హక్కు ఏం చేసుకుంటాం?

నా లెక్క ఇది. పెద్దాసుపత్రిలో ఒక్క పోస్టే ఇస్తే వార్డుకే వేయండి, ముఖ్యంగా డిశ్చార్జి వేళ. పీహెచ్‌సీలోనైతే కిటికీయే మేలు, కానీ మెడికల్ ఆఫీసర్‌కి నేరుగా ఫోన్ కలవాలి, బీపీ షుగర్ వాళ్లు వచ్చే రోజు టేబుల్ డాక్టర్ పక్కనే వేయాలి.

ఆ పెద్దాయన మరుసటి నెల వచ్చాడు, ఈసారి ఒకటే కవర్. మోకాళ్ల గోలీ మాత్రం చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది.