వెరిలేటర్‌తో ఆరేళ్లు: రాడార్‌ను ఏమార్చే చిప్‌ల పనిలో

మాదాపూర్‌లో మా టీమ్ పని చిప్ వెరిఫికేషన్, అంటే చిప్ తయారీకి వెళ్లకముందే డిజైన్‌లో తప్పులు పట్టుకోవడం. మా చిప్ డీఆర్‌ఎఫ్‌ఎం, అంటే డిజిటల్ రేడియో ఫ్రీక్వెన్సీ మెమరీ. వచ్చిన రాడార్ పల్స్‌ను డిజిటల్‌గా మార్చి మెమరీలో దాచి, కాస్త ఆగి తిరిగి పంపుతుంది. అవతలి రాడార్‌కు అది ఇంకాస్త దూరంలో ఉన్న విమానంలా కనిపిస్తుంది. మైక్రోసెకను ఆలస్యానికి 150 మీటర్ల దూరం పెరిగినట్టు కనిపిస్తుంది. 250 మెగాహెర్ట్జ్ క్లాక్‌లో ఒక్క సైకిల్ తేడా వస్తే 60 సెంటీమీటర్లు. చాంద్రాయణగుట్టలో డీఆర్‌డీఓ వాళ్ల ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ ల్యాబ్ డీఎల్‌ఆర్‌ఎల్ ఉన్న ఊరు కదా, ఈ లెక్కలు ఇక్కడ చాలామందికి తెలిసినవే.

ఆరేళ్లుగా ఈ పనికి రోజూ వాడుతున్నది వెరిలేటర్. చిప్ డిజైన్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేటర్, ఓపెన్ సోర్స్. చిప్ డిజైన్ రాసే వెరిలాగ్ భాషలోని కోడ్‌ను సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చి కంపైల్ చేస్తుంది కాబట్టి వేగం చాలా బాగుంటుంది. లైసెన్స్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకోనక్కర్లేదు. సాయంత్రం రన్ పెట్టి ఇంటికెళ్తే పొద్దున కుర్చీలో కూర్చునేసరికి ఫెయిలైన సీడ్‌ల (ఒక్కో ర్యాండమ్ టెస్టును పుట్టించే నంబర్ల) లిస్టు సిద్ధంగా ఉంటుంది. మెమరీ చివరి అడ్రస్ దాటి మళ్లీ సున్నాకు వచ్చే చోట ఒక శాంపిల్ రెండుసార్లు వెళ్తోందని అలాంటి ఒక రాత్రి రన్‌లోనే దొరికింది. పల్స్ సరిగ్గా ఆ మలుపు మీద పడితేనే ఫేజ్, అంటే తరంగం వరుస, తెగుతుంది. చేత్తో రాసిన పది టెస్టుల్లో అది ఎప్పటికీ బయటపడేది కాదు.

2022లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచి టెస్ట్‌బెంచ్‌లో (డిజైన్‌కు ఇన్‌పుట్‌లు ఇచ్చి పరీక్షించే కోడ్‌లో) డిలేలు కూడా రాసుకోవచ్చు. అంతకుముందు క్లాక్‌ను సీ ప్లస్ ప్లస్ నుంచే తిప్పేవాళ్లం.

కానీ ఒక్క విషయంలో జాగ్రత్త. వెరిలేటర్‌కు ప్రధానంగా 0, 1 మాత్రమే తెలుసు, ఎక్స్ (విలువ ఏంటో తెలియని స్థితి) తెలియదు. మెమరీలో ఎక్కడ రాయాలో చెప్పే రైట్ అడ్రస్ రిజిస్టర్‌కు మేము రీసెట్ (మొదట్లో ఒక ఖాయమైన విలువకు తెచ్చే ఏర్పాటు) ఇవ్వడం మర్చిపోయాం. వెరిలేటర్‌లో అది సున్నాతో మొదలైంది, నెలల తరబడి అన్నీ పాస్. గేట్ లెవెల్‌కు (కోడ్‌ను లాజిక్ గేట్లుగా మార్చిన దశకు) వెళ్లి వేరే సిమ్యులేటర్‌లో వేవ్‌ఫామ్ తెరిస్తే అవుట్‌పుట్ మొత్తం ఎర్రగా ఎక్స్‌లే. టేప్‌అవుట్ (డిజైన్‌ను తయారీకి పంపడం) దగ్గరపడుతున్న రోజులు, ఆ వారమంతా టెన్షన్‌తో సరిగ్గా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ర్యాండ్ రీసెట్ ఆప్షన్ 2లో పెట్టి, రిజిస్టర్లు ఏ విలువతోనైనా మొదలయ్యేలా వేర్వేరు సీడ్‌లతో నడుపుతున్నాం. వేవ్‌ఫామ్ డంప్ (సిగ్నళ్ల మార్పులన్నీ ఫైల్‌లో రాయడం) మాత్రం ఫెయిలైన సీడ్‌కే ఆన్ చేయండి, లేదంటే ఆ వేగమంతా పోతుంది.

చివరి గేట్ లెవెల్ రన్‌కు ఇప్పటికీ డబ్బు కట్టి తీసుకున్న సిమ్యులేటరే వాడతాం. మిగతా పనంతా వెరిలేటర్‌దే.