కొత్త తాపీమేస్త్రికి రోజు కూలా, గుత్తా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు కొత్తగా తాపీ పట్టిన కుర్రాళ్లకు ప్లాస్టరింగ్ పని రెండు రకాలుగా దొరుకుతుంది. రోజు కూలికి వెళ్తే గోడ ఎంత పూసినా సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది. తప్పుచేస్తే పక్కనున్న పెద్దమేస్త్రి అప్పుడే ఆపుతాడు.

గుత్తలో, అంటే పని మొత్తం ఒప్పుకుంటే, చదరపు అడుగుల లెక్క. ఎంత చెమటోడ్చారని ఎవరూ అడగరు. ఇంటాయన ఆరడుగుల బద్ద ఆనించి సందు చూస్తాడు, వేలితో కొట్టి డొల్ల శబ్దం వింటాడు. డొల్ల ఎక్కువగా వచ్చేది ఇటుక గోడను ముందు తడపనందుకే: పొడి ఇటుక మాలులోని (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలోని) నీళ్లు లాగేసుకుంటుంది, పట్టు చిక్కదు. గట్టిపడుతున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడినా అంతే. కలిపిన మాలు అరగంటలో అయిపోవాలి. వంకర గోడను ఒకే పూతలో మందంగా నింపితే జారి పగులుతుంది. 1:6 పాళ్లలో (ఒక వంతు సిమెంటు, ఆరు వంతుల ఇసుక) 12 మిల్లీమీటర్ల పూతకు 100 చదరపు అడుగులకు దాదాపు ముప్పావు బస్తా సిమెంటు పడుతుంది. గుత్త సామానుతో కలిపైతే అంతకు మించి పోయింది మీ జేబులోంచే. చెక్కి మళ్లీ పూసే రోజుకు కూలీ ఉండదు.

మొదటి ఏడాది రోజు కూలే మేలని మా గట్టి అభిప్రాయం, కానీ ప్రతి సాయంత్రం మీ గోడ మీరే కొలుచుకోండి. తర్వాత ఒక చిన్న గది గుత్తకు పట్టండి. కిటికీలు, తలుపుల కొలత తీసేస్తారా, ఏడు రోజులు నీళ్లు కొట్టేదెవరు అన్నవి ముందే కాగితం మీద రాయించుకోండి.