కుసత్సు: గది తీసుకోండి, భోజనం వద్దు, మెట్టెలు జాగ్రత్త

చలికాలంలో జపాన్‌లోని వేడినీటి ఊటల ఊరు కుసత్సు వెళ్లే శాకాహారులకు మొదటి మాట: ర్యొకాన్ (జపాన్ సంప్రదాయ సత్రం) గది బుక్ చేసేటప్పుడు రెండు పూటల భోజనం పెట్టించుకోకండి. కట్టే డబ్బులో పెద్ద వాటా దానికే పోతుంది. చిన్న చిన్న గిన్నెలు వరసగా, చూడముచ్చటగా వస్తాయి. చేపముక్క అడిగితే తీసేస్తారు. కానీ మిసో చారుకీ, ఉడికించిన ముల్లంగికీ, బజ్జీల్లాంటి టెంపురా నంచుకునే పులుసుకీ అడుగున దషి ఉంటుంది, అంటే ఎండబెట్టి పొగపట్టించిన కత్సుఒ చేప తురుము వేసి కాచిన నీళ్లు. వాళ్ల లెక్కలో అది చేప కాదు, మన తాలింపులాంటిది. అందుకే "వెజిటేరియన్" అని రాస్తే చాలదు. బుకింగ్‌లోనే "కత్సుఒ దషి మో తబెరారెమసెన్" (కత్సుఒ దషి కూడా తినలేను) అని రాసి, కొంబు దషితో, అంటే సముద్రపు నాచు వేసి కాచిన నీళ్లతో, చేయగలరా అని అడగాలి. దిగాక చెబితే వంట అప్పటికే అయిపోయి ఉంటుంది. వెంటొచ్చిన పెద్దవాళ్లు తెల్లన్నం ముందు మొహం మాడ్చుకుని కూర్చుంటారు.

మేలైన దారి సుదొమారి, భోజనం లేని గది. గదిలో కెటిల్ ఉంటుంది. కన్వీనియెన్స్ స్టోర్‌లో ప్యాకెట్ అన్నం కొని అక్కడే మైక్రోవేవ్‌లో వేడిచేయించుకుని, వెంట తెచ్చుకున్న కందిపొడి కలుపుకుంటే గండం గడిచినట్టే. చీకటి పడకముందే కొనండి, చాలా షాపులు పెందలాడే మూసేస్తారు.

టోక్యోలోని ఉఎనో స్టేషన్ నుంచి నగనొహర-కుసత్సుగుచి దాకా రైలు, అక్కడినుంచి సుమారు 25 నిమిషాలు బస్సు. ఇబ్బందేం లేదు.

ఊరి నడుమ యుబతకె, అంటే వేడినీళ్ల పొలం. ఏడు కొయ్య కాలువల్లో ఊట నీరు పారుతూ చల్లారుతుంది. పంట కూడా ఉంది: కాలువల్లో పేరుకునే గంధకపు పొడి, యునొహన. నీటి పీహెచ్ 2 చిల్లర, నిమ్మరసమంత పులుపు. ముందురోజు గడ్డం గీసుకున్నా చురుక్కుమంటుంది. కళ్లలో పడనివ్వకండి. ఆ గంధకానికి వెండి పట్టీలు, మెట్టెలు నల్లగా మాడిపోతాయి. తీయడానికి మనసొప్పని వాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

షిరహత, చియొ, జిజొ: ఈ మూడు ఊరి స్నానాలగదులకు సందర్శకుల దగ్గర కూడా ఒక్క యెన్ తీసుకోరు. ఊరంతటిలో అసలు సరుకు ఇదే. సబ్బు, తువ్వాలు, లాకర్ ఉండవు, బట్టలకు అరలు మాత్రమే. విలువైనవి గదిలోనే వదిలి రండి. బట్టలన్నీ విప్పాలి, మొహమాటానికి చోటు లేదు. షిరహతలో నీళ్లు మరీ సలసల. తొందరపడి దిగినవాళ్లు కేకపెట్టి బయటికి దూకడం అక్కడ మామూలే. ముందు చెంబుతో పాదాల మీద, తర్వాత మోకాళ్లు, నడుము, భుజాలు, చివర్న నెత్తిన కూడా పోసుకోవాలి, పదిసార్లకు తక్కువ కాకుండా. అప్పుడు మెల్లగా దిగి, కదలకుండా రెండు నిమిషాలు. కదిలితే ఒంటి చుట్టూ ఉన్న కాస్త చల్లని పొర చెదిరి మళ్లీ మంట. తల తిరిగితే గట్టున కూర్చోండి. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఇది వద్దు.

బయటికొస్తే సందుల్లో మంచు గాజులా గడ్డకట్టి ఉంటుంది; బూట్లకు తొడిగే రబ్బరు ముళ్లు ముందే కొనుక్కోండి. సైనొకవర వీధిలో షాపువాళ్లు పిలిచి మరీ వేడి మంజూ (ఆవిరిమీద ఉడికించిన చిన్న బన్ను) చేతిలో పెడతారు, టీ కూడా ఇస్తారు. లోపల అజుకి గింజల తీపి ముద్ద, మన పూర్ణం బూరెకు దూరపు చుట్టం. అందులో దషి ఉండదు.