ఒంగోలు గిత్త బొమ్మల కోసం కొన్న లైట్ బాక్స్, మూడు నెలలు వాడాక

మాది ఒంగోలే. తీరిక దొరికితే చిన్న రెజిన్ బొమ్మలకి రంగులేస్తుంటా, ఎక్కువగా మన గిత్తలే, 8 సెంటీమీటర్ల ఎత్తువి. రంగెయ్యడం ఒక ఎత్తయితే ఫోటో తియ్యడం ఇంకో ఎత్తు, ట్యూబ్‌లైట్ కింద తీస్తే తెల్ల గిత్త కాస్తా పచ్చగా పడేది. అందుకే ఆన్‌లైన్లో మడతపెట్టే లైట్ బాక్స్, అంటే బొమ్మని లోపల పెట్టి ఫోటో తీసే లైట్ల డబ్బా, తెప్పించా, 900 అయింది. పైన రెండు ఎల్‌ఈడీ పట్టీలు, బొమ్మ వెనక వేసుకోడానికి ఆరు రంగుల షీట్లు, పవర్ బ్యాంకుతో నడిచిద్ది కాబట్టి కరెంటు పోయినా పని ఆగదు.

దాంతో వచ్చిన తెల్ల షీటు మాత్రం తెల్ల బొమ్మకి అస్సలు పనికిరాదండీ. వెన్ను ఎక్కడ అయిపోయిందో షీటు ఎక్కడ మొదలైందో తెలీదు, పైగా అంతా తెల్లగా ఉండేసరికి ఫోను వెలుతురు తగ్గించేసి మొత్తం బూడిద చేసిద్ది. నల్ల షీటు వేస్తే దానికి రివర్సు, వెలుతురు ఎక్కువ లాగేసి గంగడోలు మడతలన్నీ చెరిపేసిద్ది, ఆ మడతల్లో సన్న బ్రష్షుతో రెండు సాయంత్రాలు కూర్చున్నాక అట్టా చూస్తే ప్రాణం ఉసూరుమంటది. స్టేషనరీ షాపులో గ్రే చార్టు తెచ్చి వెనక వంపుగా వేశా, స్క్రీన్ మీద గిత్తని నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి వెలుతురు కొంచెం సర్దుతా, అంతే, మడత మడతా కనపడిద్ది.

లైటు తగ్గిస్తే ఫోటోలో అడ్డచారలొస్తన్నాయి. ఇట్టాంటి ఎల్‌ఈడీలు గబగబా ఆరి వెలుగుతా కాంతి తగ్గిస్తాయి, కంటికి తెలీదు గానీ కెమెరాకి దొరికిపోయిద్ది. ఫుల్లులోనే పెట్టి పట్టీల మీద బటర్ పేపర్ అతికించా. వెలుతురంతా పైనుంచే కాబట్టి పొట్ట కింద చీకటి, ముందు ఒక తెల్ల అట్టముక్క పడుకోబెడితే గిట్టల దాకా తేలతాయి. ఫోను మరీ దగ్గర పెట్టొద్దు, మూతి పెద్దదయి ఒళ్లు చిన్నదయిద్ది, వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టి టైమర్‌తో తీయండి.

అసలు లాభం రంగు పనిలో వచ్చింది నాకు. మొదటి గిత్తకి సీసాలో తెలుపు తీసి నేరుగా వేశా, ఫోటోలో సుద్దముక్కలాగా ఉంది. ఇప్పుడు లేత బూడిద మీద, పాలంత పల్చగా కలిపిన అక్రిలిక్ నాలుగు పూతలు వేసి అసలు తెలుపు వెన్ను మీదా తొడల మీదా మాత్రమే పెడతన్నా. గిత్తకి తల, మెడ, మూపురం దగ్గర ముదురు బూడిద ఛాయ ఉంటది కదా, మా ఒంగోలు దగ్గర చదలవాడ పశుక్షేత్రంలో దగ్గర నిలబడి చూశాకే అది నాకు ఎట్టా వెయ్యాలో అర్థమైంది. చివర్లో మ్యాట్ వార్నిష్ తప్పదు, మెరుపుంటే లైట్ పట్టీలు ఒంటి మీద గీతల్లాగా పడతాయి. ముసురు రోజున మాత్రం ఆ వార్నిష్ స్ప్రే కొట్టొద్దు, తేమకి పైన తెల్లటి పొర కట్టిద్ది, ఒక బొమ్మ అట్టాగే పోయింది నాకు.

నాలుగు స్టార్లు ఇస్తన్నా. బండికి కట్టిన జత ఎడ్లు చేసేవాళ్లు మాత్రం 40 సెంటీమీటర్ల బాక్సే తీసుకోండి, నాది 24, కాడి దాకా వచ్చి చక్రాలు బయటే ఉండిపోతన్నాయి.