అమీర్‌పేటలో 'కెరీర్ గ్యాప్ ప్యాకేజీ': మాక్ ఇంటర్వ్యూకి నాలుగు స్టార్లు, మిగతాదానికి ఒకటి

మైత్రీవనం వెనక సందులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 6,500 రూపాయలకి అమ్ముతున్న సర్వీసు ఇది. రెజ్యూమె రాసిస్తారు, లింక్డ్‌ఇన్ సరిచేస్తారు, మాక్ ఇంటర్వ్యూలు పెడతారు. పేరు రాయను, కారణం కింద తెలుస్తుంది.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నాన్నకి పక్షవాతం వస్తే ఉద్యోగం మానేసి ఖమ్మం వెళ్లాను, తిరిగొచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. ఫోన్ చేసిన ప్రతి హెచ్‌ఆర్ అడిగేది "కరెంట్ కంపెనీ ఏదండీ?" అనే. ప్రస్తుతం లేదు అనగానే గొంతు మారిపోతుంది.

రెజ్యూమె శుద్ధ దండగ. 'రిజల్ట్స్ డ్రివెన్ ప్రొఫెషనల్' అని మొదలుపెట్టి, తేదీల్లో నెలలు ఎగరగొట్టి ఏళ్లు మాత్రం ఉంచారు. గ్యాప్ కనపడకూడదట. నెలలు లేవంటేనే ఏదో దాస్తున్నారని రిక్రూటర్‌కి తెలిసిపోదూ?

డబ్బు గిట్టింది మాక్ ఇంటర్వ్యూ సార్ దగ్గరే. చాలా ఏళ్లు హెచ్‌ఆర్‌లో చేసొచ్చిన మనిషి. ప్రశ్నలు మొదలుపెట్టకుండా ముందు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, జాబ్ పోర్టల్ రిక్రూటర్లకి ఎలా కనిపిస్తుందో చూపించారు. అనుభవం, జీతం, నోటీస్ పీరియడ్, అన్నీ టిక్ పెట్టే గళ్లు. "వందల ప్రొఫైళ్లు వస్తాయమ్మా. చదవడానికి కాదు, తీసేయడానికి కారణం వెతుకుతాం. గ్యాప్ అనేది సులువుగా దొరికే కారణం" అన్నారు.

తర్వాత అసలు సంగతి చెప్పారు. ఉద్యోగంలో ఉన్నవాణ్ణి తీసుకుని వాడు సరిగా చేయకపోతే అది వాడి తప్పు. ఖాళీగా ఉన్నవాళ్లని తీసుకుని తేడా వస్తే మేనేజర్ వచ్చి "గ్యాప్ చూసి కూడా ఎందుకు తీసుకున్నావ్?" అని రిక్రూటర్‌ని అడుగుతాడు. ఆ మాట పడాల్సి వస్తుందనే వెనకాడతారట. 'ఇమ్మీడియట్ జాయినర్ కావాలి' అని ప్రకటన ఇచ్చేవాళ్లు కూడా లోపల కోరుకునేది రాజీనామా ఇచ్చి 90 రోజుల నోటీసు చివర్లో ఉన్నవాళ్లనే. ఇంకో కంపెనీ ఇప్పటికీ జీతం ఇస్తోందంటే పరీక్ష వాళ్లే పెట్టేసినట్టు లెక్క.

ఇది మన దగ్గరే అనుకున్నాను, కాదట. అమెరికాలో ఆర్థికవేత్తలు సుమారు 12,000 ఉత్తుత్తి రెజ్యూమెలు పంపి చూసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. ఖాళీగా ఉన్న కాలం పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి, తగ్గుదల చాలావరకు మొదటి ఎనిమిది నెలల్లోనే. ఉద్యోగాలు బాగా దొరికే ఊళ్లలో ఈ దెబ్బ ఇంకా ఎక్కువట. ఇన్ని ఉద్యోగాలున్నా నీకెందుకు దొరకలేదు అన్నట్టు.

నా జవాబుని సార్ నిర్దాక్షిణ్యంగా కత్తిరించారు. ఫిజియోథెరపీ దగ్గర్నుంచి చెబుతుంటే ఆపి, "రెండు వాక్యాలు చాలు. మూడోది, ఇప్పుడు నాన్నగారిని ఎవరు చూసుకుంటున్నారో చెప్పు" అన్నారు. మళ్లీ మానేస్తుందేమో అన్నది వాళ్లు బయటికి అడగని ప్రశ్నట. మా తమ్ముడైతే ఈ మూడో వాక్యం అవసరమయ్యేదా అని కడుపు మండింది, కానీ ఆయన చెప్పింది నిజం. నాలుగోదిగా, ఈ మధ్య రాసిన ఆటోమేషన్ స్క్రిప్టులు (టెస్టులు వాటంతటవే నడిపే కోడ్) గిట్‌హబ్‌లో, అంటే కోడ్ దాచుకునే సైట్‌లో, తెరిచి చూపించమన్నారు. ఇంటర్వ్యూల్లో ఇప్పుడు మాట గ్యాప్ దాటి పనిమీదికి వెళ్తోంది. ఆఫర్ ఇంకా రాలేదు.

ఇక ఒక స్టార్ ఎందుకంటే, బయటికొస్తుంటే రిసెప్షన్‌లో మెల్లగా "ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో గ్యాప్ కవర్ చేయిస్తాం మేడమ్, వేరే రేటు" అన్నారు. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్‌లో ఏ నెల ఏ కంపెనీ పీఎఫ్ కట్టిందో వరుసగా ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ ఫారం 26ఏఎస్‌లో జీతం మీద టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) ఎవరు కట్టారో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు ఈ రెండూ అడిగితే ఆ లెటర్ నిలబడదు, వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది.

వెళ్లేవాళ్లు ప్యాకేజీ తీసుకోకండి. మాక్ ఇంటర్వ్యూ ఒక్కటే కావాలని గట్టిగా అడిగితే 2,000కి ఒప్పుకుంటున్నారు. సార్ సాయంత్రాలు మాత్రమే ఉంటారు, శనివారం రద్దీ. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, మెట్రోలో వెళ్లడం మేలు.