అక్టోబర్ 1, నవంబర్ 1, జూన్ 2: ఆంధ్రప్రదేశ్‌కి పుట్టినరోజుగా ఏది మేలు?

నవంబర్ 1 వస్తే చాలు వాట్సాప్ గ్రూపుల నిండా అవతరణ దినోత్సవ శుభాకాంక్షలు, పైన పొట్టి శ్రీరాములు గారి ఫొటో. ఇదే నాకు మింగుడుపడదు. ఆయన 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకి కూర్చుంది హైదరాబాద్‌తో కలిసిన రాష్ట్రం కోసం కాదు కదా, మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాల్ని విడదీయమని. డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయింది, ఆ కబురు తెలిసి నెల్లూరు, అనకాపల్లి లాంటి ఊళ్లలో జనం రోడ్లెక్కారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, అప్పుడుగానీ డిసెంబర్ 19న నెహ్రూ రాష్ట్రం ఇస్తామని చెప్పలేదు. అలా వచ్చిన రాష్ట్రం మొదలైంది 1953 అక్టోబర్ 1న, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా, కర్నూలు రాజధానిగా.

నవంబర్ 1ని తీసిపారేయడం లేదు. ఆంధ్రప్రదేశ్ అన్న పేరు 1956లో ఆ రోజే వచ్చింది, తరాల తరబడి అలవాటైన తేదీ, మళ్లీ 2019 నుంచి ప్రభుత్వం ఆ రోజునే జరిపింది కూడా. కానీ అది రెండు ప్రాంతాలు కలిసిన రోజు. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణని కొన్నాళ్లు విడిగానే ఉంచమంది, అయినా 1956 ఫిబ్రవరిలో రెండు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని కలిపారు, ఆ ఒప్పందం సరిగ్గా అమలు కాలేదనే 1969లో అక్కడ మంటలు రేగాయి, 1972లో ఇటువైపు ప్రత్యేక ఆంధ్ర కావాలని జై ఆంధ్ర ఉద్యమం. అన్నదమ్ములు వేరుపడ్డాక ఉమ్మడి కాపురం మొదలైన రోజుని ఒక్కరే పండగ చేసుకున్నట్టుంటుంది ఇప్పుడు.

జూన్ 2 తెలంగాణ వాళ్ల పండగ, వాళ్లు పోరాడి తెచ్చుకున్నది. మనకి ఆ రోజు సంబరం లేదు, అందుకే 2014 తర్వాత ప్రభుత్వం దాన్ని నవ నిర్మాణ దీక్షగా జరిపింది.

నా ఓటు అక్టోబర్ 1కే. మ్యాప్ ముందు పెట్టుకుని చూడండి, 1953 నాటి 11 జిల్లాలే దాదాపుగా ఇప్పటి రాష్ట్రం. తర్వాత ప్రకాశం, విజయనగరం జిల్లాలు వాటిలోంచే పుట్టాయి, తిరుత్తణి మద్రాసుకి పోయింది, అప్పట్లో తూర్పుగోదావరిలో ఉన్న భద్రాచలం ఇప్పుడు తెలంగాణలో ఉంది, పెద్ద తేడాలంటే ఇలాంటివే.

ఇంకో కారణం సీమ. కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానో హైకోర్టో ఏది కావాలో రాయలసీమ వాళ్లే ఎంచుకోవచ్చని మాటిచ్చారు, దాని ప్రకారమే కర్నూలు రాజధాని అయ్యి, హైకోర్టు గుంటూరుకి వెళ్లింది. సరైన బిల్డింగులు లేక ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులవి, మద్రాసు నగరం దక్కని బాధ ఒకపక్క, డబ్బుల్లేని సర్కారు ఇంకోపక్క. మూడేళ్లకే హైదరాబాద్ వైపు చూడటానికి ఆ ఇబ్బంది కూడా ఒక కారణం. ఈ కథ మన స్కూలు పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నవంబర్ 1 జరుపుకున్నంత కాలం ఆ మూడేళ్లు ఎవరి నోటా రావు, కర్నూలు పేరు అసలే రాదు.

అక్టోబర్ 2 ఎలాగూ సెలవే, పక్కపక్కన రెండు సెలవులెందుకు అంటారేమో, సెలవు ఇవ్వకపోయినా పర్లేదు, స్కూళ్లు తెరిచి ఉంచి ఆ రోజు పిల్లలకి ఈ చరిత్రే చెప్పించండి, అధికారిక సభ మాత్రం కర్నూలులో పెట్టండి.