శాసనసభ్యుడికి ఎన్నేళ్లు చాలు? కాలిఫోర్నియా పాత లెక్క, కొత్త లెక్క, నెబ్రాస్కా పద్ధతి

మన రాష్ట్రాల్లో ప్రజలు గెలిపించినంత కాలం ఒకే మనిషి ఎమ్మెల్యేగా కొనసాగవచ్చు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అందుకు ఒప్పుకోవు. కాలిఫోర్నియాలో శాన్‌హోసే, ఫ్రీమాంట్ వైపు స్థిరపడి అక్కడే ఓటు వేస్తున్న తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు.

కాలిఫోర్నియాలో రెండు సభలు. అసెంబ్లీలో 80 మంది, పదవీకాలం రెండేళ్లు. సెనేట్‌లో 40 మంది, నాలుగేళ్లు. 1990లో ఓటర్లే కట్టడి పెట్టారు: జీవితం మొత్తంలో అసెంబ్లీలో ఆరేళ్లు, సెనేట్‌లో ఎనిమిదేళ్లు, అంతే. అప్పటికి పదేళ్లుగా స్పీకర్ పీఠం విల్లీ బ్రౌన్‌దే. పాతుకుపోయినవారిని కదిలించాలన్న జనం కోరికలో తప్పేమీ లేదు.

కానీ ఆరేళ్లు ఎలా గడుస్తాయో చూడండి. డిసెంబరులో ప్రమాణం చేసిన కొత్త సభ్యుడి ముందుకు జనవరి 10కల్లా గవర్నర్ బడ్జెట్ వస్తుంది. జూన్ 15లోగా దాన్ని ఆమోదించాలి. ఏ పద్దు ఎటు పోతోందో అంతుపట్టేలోపే మళ్లీ ఎన్నికలు. మూడోసారి గెలిచేసరికి చూపంతా ఖాళీ కాబోయే సెనేట్ స్థానం మీదే. ఇక పని లోతుపాతులు తెలిసినవారెవరు? ఏళ్ల తరబడి ఆ వరండాల్లోనే ఉండే అధికారులు, లాబీయిస్టులు (కంపెనీలు, సంఘాల తరఫున సభ్యులను ఒప్పించేవారు). ప్రజలు ఎన్నుకున్నవారు వాళ్ల మీద ఆధారపడవలసి రావడం నాకు బాధగా ఉంటుంది.

2012లో లెక్క మారింది. ఆ ఏడాది నుంచి తొలిసారి ఎన్నికైనవారికి మొత్తం పన్నెండేళ్లు, ఒకే సభలోనైనా సరే, రెండింటా కలిపైనా సరే. మొత్తంగా రెండేళ్లు తగ్గినా, ఒకచోట కుదురుగా పనిచేసే వీలు దొరికింది. 2016లో శాన్‌హోసే నుంచి గెలిచిన యాష్ కాల్రా పాత లెక్కన 2022లోనే అసెంబ్లీ వదలాలి; ఇప్పుడు 2028 దాకా ఉండవచ్చు. ఆంథొనీ రెండన్ 2016 నుంచి 2023 వరకు స్పీకర్‌గా ఉన్నారు. పాత నిబంధన కింద సభ్యుడిగా కూడా అన్నేళ్లు దక్కేవి కావు.

నెబ్రాస్కాది వేరే దారి. 1937 నుంచి ఒకే సభ, ఇప్పుడు 49 మంది సభ్యులు, బ్యాలెట్‌పై పార్టీ పేరు ఉండదు. నాలుగేళ్ల పదవి వరసగా రెండుసార్లు. ఆపై నాలుగేళ్లు బయట ఉండి మళ్లీ నిలబడవచ్చు. 38 ఏళ్లు సభలో ఉన్న ఎర్నీ చాంబర్స్ ఈ నిబంధన వల్లే 2009లో దిగిపోయారు. 2012లో ఒమాహా ఓటర్లు ఆయన్ను తిరిగి పంపారు.

నా ఓటు పన్నెండేళ్లకే. నెబ్రాస్కా ఎనిమిదేళ్లు నాకు తక్కువనిపిస్తాయి. అయితే గడువు ముగిసినవారికి తలుపు శాశ్వతంగా మూసేయడం మాత్రం నాకు నచ్చదు. కాలిఫోర్నియా పన్నెండేళ్లకు నెబ్రాస్కా విరామాన్ని జోడిస్తే, నాలుగేళ్ల తరువాత ఆ మనిషి మళ్లీ కావాలో వద్దో ఓటరే తేల్చుకుంటాడు.